పాత కారులో కీచుచప్పుడు: కారణాన్ని కనుగొనే క్రమం

పాఠం ఉద్దేశం

విళాత్తికుళం, ఎట్టయపురం, కోవిల్పట్టి ప్రాంతాలలో ఎన్నో కుటుంబాలు మొదటి కారుగా ఒకరు వాడి అమ్మిన కారునే కొనుక్కుంటాయి. ఆసుపత్రికి, సంతకు, పెళ్ళిళ్ళకు, విరుదునగర్‌లోని బంధువుల ఇంటికి అది అక్కరకు వస్తుంది. కొన్న కొన్నాళ్ళకే ఎక్కడినుండో సన్నగా ఒక కీచుచప్పుడు మొదలవుతుంది. కొందరు భయపడి, చూపించిన ప్రతి భాగాన్నీ మార్పించి డబ్బు పోగొట్టుకుంటారు. మరికొందరు “పాతబండి, అరవక ఏం చేస్తుంది?” అని చెవులు మూసుకుంటారు. మొదటివారికి నష్టం ధనరూపంలో వస్తుంది. రెండవవారికి అది ప్రాణాపాయం కూడా కావచ్చు. ఈ రెండింటికీ నడుమ ఒక క్రమమైన మార్గం ఉన్నది. దానిని సామాన్య పాఠకులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం. మరమ్మతు మెకానిక్కు పని. వినడం, గమనించడం, సరిగా చెప్పడం మాత్రం యజమాని పని.

ఒక ఇంటి అనుభవం

ఈ వ్యాసకర్త ఇంట జరిగిన సంగతినే ఉదాహరణగా తీసుకుందాం. మా అమ్మగారిని కోవిల్పట్టిలో వైద్యునికి చూపించడానికి నెలకు రెండుసార్లు వెళ్ళవలసి వచ్చేది. అందుకని పదమూడేళ్ళనాటి చిన్న కారు ఒకటి కొన్నాము. రెండవ వారంలోనే వెనుక ఎడమవైపునుండి కిర్రుమని వినబడసాగింది. ఒక మెకానిక్కు రబ్బరు బుష్‌లు అరిగాయని చెప్పి రెండింటిని మార్చాడు. చప్పుడు తగ్గలేదు. చివరకు ఒక ఆదివారంనాడు డిక్కీలోని సామానంతా దించి, వెనుక సీటును మడిచి, అదే దారిలో అదే వేగంతో నడిపి చూశాను. చప్పుడు లేదు. సీటును మళ్ళీ నిలబెట్టగానే వచ్చింది. సీటును పట్టి ఉంచే ఇనుప కొక్కెం వదులై ఒరుసుకుంటున్నది. దానికి గుడ్డటేపు రెండు చుట్లు చుట్టగానే సమస్య తీరింది. కొత్త బుష్‌లకు పెట్టిన ఖర్చు వృథా అయింది.

అసలు పాఠం ఆ తరువాతిది. నాలుగు నెలలకు మళ్ళీ కీచుమన్నది. టేపు ఊడి ఉంటుందని తేలికగా తీసుకున్నాను. పైగా బ్రేకు తొక్కగానే ఆ చప్పుడు ఆగిపోయేది. కనుక బ్రేకులో దోషం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. వెనుక కూర్చున్న అమ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. “ఇది మునుపటి సద్దు కాదురా. అది గుంతలో పడితే వచ్చేది. ఇది మంచి దారిలోనే వస్తూ ఉండాది” అన్నారు. మరునాడు ముందు ఎడమ చక్రం విప్పించి చూస్తే బ్రేకు ప్యాడు దాదాపు పూర్తిగా అరిగిపోయి ఉంది.

నేను రెండు వేర్వేరు చప్పుళ్ళకు ఒకే పేరు పెట్టాను. పేరు ఒకటే కావడంచేత రెండవది నాకు వినబడినా తెలియలేదు. అమ్మగారికి కారు యంత్రం సంగతి తెలియదు. అయినా ఆమె చప్పుడు ‘ఎలా ఉంది’ అనేదానికంటె ‘ఎప్పుడు వస్తున్నది’ అనేదానిని గమనించారు. చప్పుడుకు పేరు పెట్టకముందే వేళను పట్టుకోవాలి.

చప్పుడు పుట్టే విధం

రెండు తలాలు ఒకదానినొకటి ఒరుసుకునేటప్పుడు అవి ఎప్పుడూ సమంగా జారవు. ఒక క్షణం అంటుకొని, మరుక్షణం విడివడి జారుతాయి. ఇది సెకనుకు వందలసార్లు, వేలసార్లు జరిగినప్పుడు పుట్టే కంపనమే మన చెవికి కీచుమని వినిపిస్తుంది. ఫిడేలు తీగపై కమాను లాగినప్పుడు నాదం పుట్టేదీ, తలుపు బందు కిర్రుమనేదీ ఈ సూత్రం వల్లనే.

ఎద్దులబండి ఇరుసుకు కందెన వేసిన మన పెద్దలకు ఈ సంగతి కొత్తది కాదు. అయితే కారులో ఒక భేదం ఉంది. బండి ఇరుసు వద్ద రాపిడి శత్రువు. కారు బ్రేకులోనూ బెల్టులోనూ రాపిడే పనిచేసే శక్తి. ప్యాడు డిస్కును పట్టుకోవడం వల్లనే కారు ఆగుతుంది. బెల్టు కప్పీని పట్టుకోవడం వల్లనే ఆల్టర్నేటరు తిరుగుతుంది. కాబట్టి కీచుమన్న ప్రతిచోటా నూనె పోయడం ప్రమాదకరం. బ్రేకు డిస్కు, ప్యాడు, డ్రమ్ము, బెల్టు వీటిపై నూనె, గ్రీజు, తుప్పువదిలించే స్ప్రే ఏవీ పడకూడదు. రబ్బరు బుష్‌లకు కూడా మామూలు ఇంజను నూనె, గ్రీజు పూయరాదు. పెట్రోలియం నూనెలు మామూలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. అవసరమైతే సిలికోన్ గ్రీజు వాడాలి.

మన నేల, మన గాలి

ఈ ప్రాంతపు ప్రకృతికి కూడా చప్పుడులో పాత్ర ఉంది. మనది తమిళంలో కరిసల్ అనే నల్లరేగడి నేల. ఎండాకాలంలో దాని మెత్తని దుమ్ము బ్రేకు డ్రమ్ములలోకి, తలుపు రబ్బరులలోకి, కీళ్ళలోకి చేరుతుంది. ఏళ్ళ తరబడి ఎండ తగిలిన రబ్బరు గట్టిపడి పగుళ్ళు తీస్తుంది. వేంబార్, వైప్పార్ వంటి తీరగ్రామాలలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఐప్పసి, కార్తిక మాసాల వానలలో రాత్రంతా బయట నిలిపిన కారు డిస్కులపై పలుచని తుప్పుపొర ఏర్పడుతుంది. ఉదయం మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమని, ఆ పొర ఊడిపోగానే చప్పుడు ఆగుతుంది. ఇది దోషం కాదు. పది బ్రేకుల తరువాత కూడా ఆగకపోతే మాత్రం చూపించాలి.

మొదటి మెట్టు: కారును ఖాళీ చేయండి

ఏ భాగాన్నీ అనుమానించకముందు కారులోని వస్తువులన్నీ దించండి. జాకీ, పనిముట్లు, స్టెప్నీ, నీళ్ళసీసాలు, డ్యాష్‌బోర్డు అరలోని తాళాలు, వెనుక అద్దం వద్ద పెట్టిన బొమ్మలు కూడా తీసివేయండి. ఖాళీ సీట్ల బెల్టుల కొక్కేలను బిగించి పెట్టండి. తరువాత అదే దారిలో నడిపి చూడండి. చప్పుడు పోతే ఒక్కొక్క వస్తువునే తిరిగి పెడుతూ పోవాలి. పైసా ఖర్చులేని ఈ పరీక్షను ఎక్కువమంది చివరకు చేస్తారు. దానిని మొదట చేయడం మేలు.

రెండవ మెట్టు: ‘ఎప్పుడు’ అని అడగండి

చిన్న నోటుపుస్తకంలో ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు వ్రాసుకోండి.

1. కారు నిలిచి ఉండి, ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు చప్పుడు వస్తున్నదా?
2. కారు వేగంతోపాటు చప్పుడు వేగం కూడా పెరుగుతున్నదా?
3. బ్రేకు తొక్కినప్పుడు పుడుతున్నదా, ఆగుతున్నదా, మారుతున్నదా?
4. గుంతలు, స్పీడ్ బ్రేకర్లు దాటినప్పుడే వస్తున్నదా?
5. స్టీరింగు తిప్పినప్పుడే వస్తున్నదా? ఏ వైపు తిప్పినప్పుడు?

మొదటి ప్రశ్న ముఖ్యమైనది. నిలిచిన కారులో వచ్చే చప్పుడు చక్రాలది కాజాలదు. కారు కదిలితేనే వచ్చి, ఇంజను వేగాన్ని పెంచినా తగ్గించినా మారని చప్పుడు బెల్టుది కాజాలదు. ఈ ఒక్క విభజనతో సగం అనుమానాలు తొలగిపోతాయి.

నడిపేవారు చప్పుడును వెదకుతూ దారిని మరువరాదు. వినే పని, వ్రాసే పని, సెల్‌ఫోనులో రికార్డు చేసే పని పక్కన కూర్చున్నవారిది. రద్దీలేని వేళ, రద్దీలేని దారి ఎంచుకోండి. జాతీయ రహదారిపై ఈ పరీక్షలు చేయవద్దు.

మూడవ మెట్టు: వేళనుబట్టి కారణం

ఇంజనుతోపాటు వచ్చే కీచు. తెల్లవారి స్టార్టు చేయగానే, లేదా ఏసీ వేయగానే కీచుమంటే బెల్టును అనుమానించాలి. బెల్టు వదులై జారడం, అరిగి నునుపెక్కడం, కప్పీలు ఒకే వరుసలో లేకపోవడం దీనికి ప్రధాన కారణాలు. మెకానిక్కులు ఇక్కడ నీటి పరీక్ష చేస్తారు. తిరుగుతున్న బెల్టు గాడుల వైపున కొద్దిగా నీళ్ళు చిలకరిస్తే, చప్పుడు ఒక్క నిమిషం ఆగి మళ్ళీ వస్తే కప్పీల వరుస తప్పిందని, నీళ్ళు పడగానే చప్పుడు పెరిగితే బెల్టు వదులైందని సాధారణంగా గుర్తిస్తారు. ఈ పరీక్షను చూచి తెలుసుకోండి, స్వయంగా చేయవద్దు. తిరిగే బెల్టు పైటకొంగును, కండువాను, జుట్టును, వేలిని క్షణంలో లాగివేస్తుంది. బెల్టు తెగితే బ్యాటరీకి చార్జి ఆగుతుంది. చాలా కార్లలో నీటి పంపును కూడా అదే తిప్పుతుంది కనుక ఇంజను వేడెక్కిపోతుంది.

చక్రంతోపాటు వచ్చే కీచు. ఇది అన్నిటికంటె జాగ్రత్తగా వినవలసినది. చాలా డిస్కు బ్రేకు ప్యాడులకు చిన్న ఇనుప నాలుక ఒకటి అమర్చి ఉంటుంది. కొత్త ప్యాడు లైనింగు మందం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. అది అరిగి 2, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ నాలుక డిస్కును తాకి సన్నగా, ఎత్తైన స్వరంతో కీచుమంటుంది. యజమానిని హెచ్చరించడానికే దానిని అలా తయారుచేశారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. కొన్ని కార్లలో ఈ చప్పుడు బ్రేకు తొక్కినప్పుడు వస్తుంది. మరికొన్నింటిలో మామూలుగా నడిచేటప్పుడు వచ్చి, బ్రేకు తొక్కగానే ప్యాడు గట్టిగా అదుముకోవడంవల్ల ఆగిపోతుంది. బ్రేకు తొక్కితే ఆగే చప్పుడు కూడా బ్రేకుదే కావచ్చునని గుర్తుంచుకోవాలి.

హెచ్చరికను వినకపోతే లైనింగు పూర్తిగా అరిగి, వెనుక ఇనుపరేకు డిస్కును గీరుతుంది. అప్పుడు కీచు పోయి గరగర వస్తుంది. ఇనుముపై ఇనుము లైనింగులా పట్టదు. కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ప్యాడుతో పోయేది డిస్కును కూడా మార్చేదాకా వస్తుంది. మరొక మాట: అన్ని ప్యాడులకూ ఈ నాలుక ఉండదు. చాలా చిన్న కార్లలో వెనుక ఉండే డ్రమ్ము బ్రేకులకు సాధారణంగా ఉండదు. అందువల్ల చప్పుడు లేనంతమాత్రాన బ్రేకులు బాగున్నాయని అర్థం కాదు. సర్వీసు చేయించిన ప్రతిసారీ ప్యాడు మందం ఎంత ఉన్నదో చూపించమని అడగండి. బ్రేకు దుమ్మును నోటితోగాని గాలిగొట్టంతోగాని ఊదనివ్వకండి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు హానికరం.

డిస్కుకు, దాని వెనుకనున్న దుమ్మురేకుకు నడుమ చిన్న గులకరాయి ఇరుక్కున్నా ఇలాంటి చప్పుడే పుడుతుంది. అకస్మాత్తుగా కంకరదారిలో మొదలైతే దీనిని అనుమానించవచ్చు. చక్రం బేరింగు చెడితే సాధారణంగా కీచు కాదు, వేగంతోపాటు పెరిగే రొద వినబడుతుంది. వంపు తిరిగినప్పుడు అది పెరగడమో తగ్గడమో జరుగుతుంది.

గుంతలలో వచ్చే కిర్రు. ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఒక్కొక్క మూలను చేతులతో కిందికి నొక్కి వదలండి. మరొకరు చక్రం దగ్గర చెవి పెట్టి వినాలి. చప్పుడు వచ్చిన మూల తెలిస్తే మెకానిక్కు పని సగం అయినట్లే. రబ్బరు బుష్‌పై కొన్ని చుక్కల నీళ్ళు పోయగానే కిర్రు తగ్గితే దోషం ఆ బుష్‌దే. ఆ నీరు మరమ్మతు కాదు, గుర్తుపట్టే ఉపాయం మాత్రమే. అంబాసిడరు, మారుతీ ఆమ్నీ వంటి బండ్ల వెనుక పట్టీ స్ప్రింగులు ఉంటాయి. వాటి పట్టీల నడుమ దుమ్ము, తుప్పు చేరితే మిరపబస్తాలు ఎక్కించినప్పుడల్లా మూలుగుతాయి. కారు కిందికి వెళ్ళవలసి వస్తే జాకీని మాత్రమే నమ్మకూడదు. చక్రాలకు అడ్డురాళ్ళు, కారుకింద గట్టి స్టాండ్లు తప్పనిసరి.

స్టీరింగు తిప్పినప్పుడు వచ్చేది. నిలిచిన కారులో స్టీరింగు తిప్పినప్పుడు ముందు స్ప్రింగుల పైభాగాననుండి కిర్రుమంటే అక్కడి రబ్బరునో బేరింగునో చూడాలి. బాల్ జాయింటులో గ్రీజు ఎండినా ఇలాగే ఉంటుంది. బాల్ జాయింటు పూర్తిగా అరిగి ఊడితే ఆ చక్రం అదుపు తప్పుతుంది. కనుక దీనిని వాయిదా వేయకూడదు.

పెడల్‌తో, తలుపులతో వచ్చేది. క్లచ్ పెడల్ తొక్కినప్పుడు దాని కీలు కిర్రుమంటే కొద్ది గ్రీజు చాలు. పెడల్ తొక్కినప్పుడల్లా గేరుపెట్టె వైపునుండి రొద వస్తే మాత్రం క్లచ్ బేరింగును చూపించాలి. తలుపు రబ్బరు కిర్రుమంటే దానిని తుడిచి, టాల్కం పౌడరు అద్దితే సరిపోతుంది.

ఆగదగినవి, ఆగకూడనివి

సీటు, డ్యాష్‌బోర్డు, తలుపు రబ్బరు, పెడల్ కీలు: ఇవి చెవికి బాధ మాత్రమే. తీరికగా చూసుకోవచ్చు.

బుష్, పట్టీ స్ప్రింగు, బెల్టు: ఇవి త్వరలో చూపించవలసినవి. బెల్టుపై పగుళ్ళు కనిపిస్తే దూరప్రయాణం పెట్టుకోవద్దు.

చక్రంతో తిరిగే కీచు, బ్రేకుతో మారే చప్పుడు, గరగర, బాల్ జాయింటు చప్పుడు, వంపులో మారే రొద: ఇవి ఆగకూడనివి. చూపించేవరకు కారును బయటికి తీయవద్దు.

మెకానిక్కుతో చెప్పేటప్పుడు

మనం ఇంట్లో తెలుగు, వర్క్‌షాపులో తమిళం మాట్లాడతాము. భాష మారేటప్పుడు ఎక్కువగా జారిపోయేది చప్పుడుతో పాటున్న సందర్భమే. “సత్తం వరుదు” అని ఊరుకుంటే మెకానిక్కు తన అనుభవాన్నిబట్టి ఊహిస్తాడు. “బ్రేక్ పోడుంబోదు నిక్కుదు” అంటే, అనగా బ్రేకు వేసేటప్పుడు ఆగుతున్నదంటే, అతనికి దారి చూపినట్లు. కీచు, కిర్రు, గరగర, టకటక, రొద అని తెలుగులో ఎన్ని మాటలున్నా అవి రెండవస్థానంలోనే ఉండాలి. ముందు వేళ, తరువాత చోటు, చివర పేరు. వీలైతే మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి నడపండి. ఏ భాగాన్ని మార్చినా పాతదానిని చూపించమని మర్యాదగా అడగండి.

గంటల తరబడి ఒకే రాగాన్ని విస్తరించిన విళాత్తికుళం స్వామి పేరు ఈ ఊరిలో అందరికీ తెలిసినదే. అంతటి వినికిడి మనకు అక్కరలేదు. నిన్నటికి, నేటికి ఉన్న తేడాను పట్టుకోగలిగితే చాలు.

కొనేముందు, చట్టం ముందు

పాతకారును చూడబోయేటప్పుడు, ఇంజనును ముందుగా స్టార్టు చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పండి. వెళ్ళగానే బానెట్‌పై చేయి ఉంచి, చల్లగా ఉన్నదో లేదో చూడండి. బెల్టు కీచు ఎక్కువగా చల్లని ఇంజనులోనే బయటపడుతుంది. పాటల పెట్టె ఆపించి, అద్దాలు ఒకసారి దించి, ఒకసారి ఎత్తి వినండి. గోడ పక్కనుండి మెల్లగా నడిపితే చక్రాల చప్పుడు గోడకు తగిలి స్పష్టంగా వినవస్తుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, అదే రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని అమ్మినవారు 14 రోజులలోను, కొన్నవారు 30 రోజులలోను యాజమాన్య మార్పిడిని రవాణా అధికారులకు తెలియజేయాలి. అదే చట్టంలోని 190వ సెక్షనును కూడా ప్రతి యజమాని తెలుసుకోవాలి. ప్రమాదానికి దారితీసే లోపం ఉన్న వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపడం శిక్షార్హం. ఆ లోపం తనకు తెలిసినదైనా, సాధారణ జాగ్రత్తతో తెలుసుకోగలిగినదైనా సరే. “నాకు తెలియదు” అనే జవాబు అన్నివేళలా చెల్లదు. బ్రేకు పనిచేయని కారు మనల్ని మాత్రమే తీసుకొనిపోదు. బడి ముందు దారి దాటే పిల్లలు, సంతరోజున రోడ్డు పక్కన కూర్చున్నవారు దాని ముందే ఉంటారు.

అభ్యాసం

1. కారు నిలిచి ఉంది. ఏసీ వేయగానే కీచుమంటున్నది. ఏ భాగాన్ని ముందుగా చూపించాలి?
2. మంచి దారిలో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు సన్నని కీచు వస్తూ, బ్రేకు తొక్కితే ఆగుతున్నది. ప్రయాణం కొనసాగించవచ్చునా?
3. వానరాత్రి తరువాత ఉదయం రెండు బ్రేకులకు గరగరమని ఆగిపోయింది. ఏమి చేయాలి?
4. కీచుమంటున్న బెల్టుకు నూనె పూస్తానని పొరుగువారు అంటున్నారు. మీ జవాబు ఏమిటి?

జవాబులు: 1. బెల్టు. 2. కొనసాగించరాదు, ముందు ప్యాడులను చూపించాలి. 3. ఏమీ అక్కరలేదు, మళ్ళీ మళ్ళీ వస్తే చూపించాలి. 4. బెల్టు పనిచేసేదే రాపిడితో. నూనె పూస్తే అది జారిపోతుంది.

మా కారు డ్యాష్‌బోర్డు అరలో ఇప్పుడొక నోటుపుస్తకం ఉంటుంది. తేది, దారి, చప్పుడు వచ్చిన వేళ అందులో వ్రాస్తాము. ఎక్కువ పుటలలో “ఏమీ లేదు” అనే ఉంటుంది. అలా వ్రాయడానికైనా ఆరోజు ఒకసారి విని ఉండాలి.